ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ రాదు: డెస్క్‌టాప్‌లో లోపాన్ని పట్టుకోవడం ఎలా?

స్విచ్ నొక్కగానే ఫ్యాన్లు తిరుగుతాయి, క్యాబినెట్‌లో రంగురంగుల లైట్లు వెలుగుతాయి, మానిటర్ మాత్రం "నో సిగ్నల్" అని చూపించి నల్లబడిపోతుంది. అప్పుడు చాలామంది నోట ముందుగా వచ్చే మాట "మదర్‌బోర్డ్ పోయింది". అది అంత తేలిగ్గా పోయేది కాదు. సరిగ్గా కూర్చోని ర్యామ్, సగమే దిగిన పవర్ కేబుల్, తప్పు పోర్టులో పెట్టిన మానిటర్ వైరు... చాలాసార్లు లోపం ఇలాంటి చోటే దొరుకుతుంది. అందుకే ఏ పార్టు అయినా సరే, అది పోయిందని రుజువయ్యేదాకా కొత్తది కొనకండి. రుజువు చేసే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు: బయట నుంచి లోపలికి రావాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ ఆన్ చేసి చూడాలి. మూడు మార్పులు ఒకేసారి చేస్తే కంప్యూటర్ బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. అదే లోపం మళ్లీ వస్తే మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాల్సిందే.

ముందు మీ సమస్య ఏ కోవలోదో చూసుకోండి. బటన్ నొక్కినా చలనం లేకపోవడం ఒకటి. ఫ్యాన్లు తిరిగినా తెర రాకపోవడం ఇంకొకటి. తెర వచ్చి, కాసేపటికి ఆగిపోవడమో రీస్టార్ట్ అవడమో మూడోది. ఇక్కడ ఎక్కువగా రెండోదాని గురించే చెబుతున్నాం, మనిషిని బాగా తిప్పలు పెట్టేది అదే కాబట్టి. ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి: చివరిసారి బాగా పనిచేసిన తర్వాత ఏం మారింది? కొత్త ర్యామ్ వేశారా, బయోస్ (ఆన్ చేయగానే పార్టులను తనిఖీ చేసి కంప్యూటర్‌ను లేపే, బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయిందా, క్యాబినెట్‌ను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోశారా, దుమ్ము దులిపారా? ఏది మారిందో ముందు దాన్నే అనుమానించండి.

మూత తీయకముందే

మానిటర్‌ను ముందు తేల్చేయండి. వీడియో కేబుల్ పూర్తిగా పీకేసి మానిటర్ ఆన్ చేయండి. "కేబుల్ లేదు" అనో "సిగ్నల్ లేదు" అనో సొంతంగా ఏదో ఒకటి చూపిస్తే మానిటర్ బతికే ఉన్నట్టు. తర్వాత మెనూలో ఇన్‌పుట్ చూడండి. కేబుల్ హెచ్‌డీఎంఐ 2లో ఉండి, మానిటర్ హెచ్‌డీఎంఐ 1 వైపు చూస్తూ ఉంటే ఎంతసేపు ఎదురుచూసినా ఏమీ రాదు. ఆటోమేటిక్‌గా వెతుకుతుందని కంపెనీ చెప్పినా నమ్మకండి, మీరే చేత్తో మార్చండి.

కేబుల్ రెండో కొస ఎక్కడుందో కూడా చూడండి. గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న డెస్క్‌టాప్‌కు వెనక రెండు చోట్ల వీడియో పోర్టులు ఉంటాయి: పైన యూఎస్‌బీ పోర్టుల పక్కన నిలువుగా ఉండేవి మదర్‌బోర్డ్‌వి, కింద అడ్డంగా ఉండేవి కార్డువి. కేబుల్ కార్డుకే ఉండాలి. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో, చివర జీ లేని రైజెన్ 5000 వరస డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అసలు గ్రాఫిక్స్ ఉండదు. వాటితో మదర్‌బోర్డ్ పోర్టుకు కేబుల్ పెడితే చచ్చినా బొమ్మ రాదు. అయినా ఆ పోర్టు బోర్డు మీద ఉండనే ఉంటుంది, పనిచేయదన్న హెచ్చరిక దాని పక్కన ఎక్కడా ఉండదు.

ఇప్పుడు కీబోర్డ్, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేయండి. షార్ట్ అయిన ఒక్క పెన్‌డ్రైవ్ గానీ, ముందు ప్యానెల్‌లో పిన్నులు వంగిన యూఎస్‌బీ పోర్టు గానీ మొత్తం కంప్యూటర్‌నే ఆపేయగలదు.

ఆన్ చేసి ఓ నిమిషం ఆగి, కీబోర్డ్ మీద నమ్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే ప్రాసెసర్, ర్యామ్ పనిచేస్తున్నట్టే లెక్క. బయోస్ తన తనిఖీలు దాటి ముందుకెళ్లిపోయింది. మిగిలిన అనుమానం గ్రాఫిక్స్ కార్డ్, కేబుల్, మానిటర్, లేదా విండోస్ డిస్‌ప్లే డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను విండోస్ నడిపించే ప్రోగ్రామ్) మీదే. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అవుతుంది. నమ్ లాక్ లైటు అసలు స్పందించకపోతే లోపం లోపలే ఉంది.

షట్‌డౌన్ గురించి కూడా ఒక మాట. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అనేది ఒకటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా మూసుకోదు. తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మర్నాడు దాన్నే మళ్లీ లేపుతుంది. తిక్క పట్టిన డ్రైవర్ అదే తిక్కతో తిరిగొస్తుంది. నిజంగా మొదటి నుంచి మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. తెరే లేనప్పుడు రీస్టార్ట్ ఎక్కడ నొక్కుతాం కాబట్టి పవర్ బటన్ పది సెకన్లు పట్టి ఉంచి ఆపండి, గోడ ప్లగ్గు తీసేయండి, ప్లగ్గు లేకుండానే బటన్ మరో 15 సెకన్లు నొక్కి ఉంచండి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఇంతమాత్రానికే లేచి కూర్చునే కంప్యూటర్లు చాలానే ఉన్నాయి.

లోపల చెయ్యి పెట్టేముందు రికవరీ కీ

ఈ జాగ్రత్త ఇదివరకు అవసరమయ్యేది కాదు. విండోస్ 11 ఉన్న చాలా కంప్యూటర్లలో డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అంటే కీ లేనిదే చదవలేనట్టు తాళం పడి ఉంటుంది. 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలావరకు అదంతట అదే ఆన్ అయిపోతుంది. బయోస్ రీసెట్ చేసినా, మదర్‌బోర్డ్ మార్చినా "48 అంకెల రికవరీ కీ ఇవ్వండి" అని నీలం తెర రావచ్చు. కీ లేకపోతే డిస్క్ బాగున్నా ఫొటోలు, ఫైళ్లు మీకు దక్కవు. ఫోన్‌లోంచి మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి, డివైజ్‌ల కింద బిట్‌లాకర్ (విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ ఉందేమో చూసి కాగితం మీద రాసుకోండి. ఉంటే సరే. లేకపోతే, డిస్క్ ఎన్‌క్రిప్ట్ కాలేదని మీకు గట్టిగా తెలిస్తే తప్ప, బయోస్ రీసెట్‌ను అన్నిటికంటే చివరికి ఉంచుకోండి.

మూత తీశాక

పవర్ సప్లై వెనక ఉన్న స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, పైన చెప్పినట్టు బటన్ నొక్కి ఉంచాకే మూత తీయాలి. కావలసినవి రెండో నంబర్ ప్లస్ స్క్రూడ్రైవర్, ఫోన్ టార్చి. ఏదైనా ముట్టుకునేముందు క్యాబినెట్‌లో పెయింట్ లేని ఇనుప భాగాన్ని తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. కేబుల్స్ పీకకముందే నాలుగైదు ఫొటోలు తీసి పెట్టుకోండి. ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్న వైర్లను మాత్రం మరీ దగ్గరగా తీయండి. తిరిగి పెట్టేటప్పుడు అందరూ తికమకపడేది వాటి దగ్గరే.

ఇప్పుడు మళ్లీ ప్లగ్గు పెట్టి, మూత లేకుండానే ఆన్ చేసి, 24 పిన్నుల పెద్ద కనెక్టర్ చుట్టుపక్కల చూడండి. ఈ మధ్య వచ్చిన చాలా బోర్డుల మీద అక్కడే నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (విండోస్ ఉన్న డిస్క్) అని పక్కన రాసి ఉంటుంది. బోర్డు వాటిని వరసగా తనిఖీ చేసుకుంటూ పోతుంది, ఏది దగ్గర ఆగిపోతే ఆ లైటు అలాగే వెలుగుతూ ఉంటుంది. లైట్లు లేని బోర్డయితే బీప్ శబ్దాలే గతి. వాటిని వినిపించే చిన్న స్పీకర్‌ను ఇప్పుడు క్యాబినెట్లతో ఇవ్వడం దాదాపు మానేశారు. వంద రంగుల్లో మెరిసే ఫ్యాన్లు ఇస్తారు గానీ లోపమేమిటో చెప్పే గుండీ అంత స్పీకర్ ఇవ్వరు! విడిగా దొరుకుతుంది, బోర్డు మీద స్పీకర్ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు తగిలించి, బీప్‌లు లెక్కపెట్టి బోర్డు మాన్యువల్‌తో పోల్చుకోండి. బీప్‌ల అర్థం ఒక్కో బయోస్‌కు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి వేరే బోర్డు పట్టిక చూసి లాభం లేదు.

డీర్యామ్ లైటు వెలిగితే

ముందు ఆగండి. డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాత వచ్చిన రకం) ర్యామ్ ఉన్న బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ర్యామ్ మార్చాక, బయోస్ రీసెట్ లేదా అప్‌డేట్ అయ్యాక ర్యామ్‌తో సిగ్నల్ టైమింగ్‌లు కుదుర్చుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్నిసార్లు చాలా నిమిషాలు పడుతుంది. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది, డీర్యామ్ లైటు వెలుగుతూనే ఉంటుంది. "పని జరుగుతోంది" అని చెప్పే ఏర్పాటు చాలా బోర్డుల్లో లేనే లేదు. ఓపిక పట్టలేక రెండు నిమిషాలకే ఆపేస్తే ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది. గడియారం చూసుకుని 15 నిమిషాలు కదపకుండా వదిలేయండి.

అప్పటికీ రాకపోతే ప్లగ్గు తీసి ర్యామ్ స్టిక్‌లన్నీ బయటికి తీయండి. ఒక్కటి తీసుకుని ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో పెట్టండి. నాలుగు స్లాట్ల బోర్డుల్లో చాలావాటికి ఒంటరి స్టిక్ ఉండాల్సిన చోటు అదే, ఏ2 అని రాసి ఉంటుంది. రెండు స్టిక్‌లైతే రెండు, నాలుగు స్లాట్లు. మొదటి రెండింట్లో పక్కపక్కనే పెట్టడం తరచూ జరిగే పొరపాటు.

పెట్టేటప్పుడు స్టిక్ అంచులో ఉన్న గాటు స్లాట్‌లో ఉన్న గట్టుకు ఎదురుగా వచ్చిందో లేదో చూసుకోండి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే, గాటు చోటు మాత్రం వేరు. దిగడం లేదంటే బలం వాడే చోటు కాదది. సరైన స్టిక్ అయితే రెండు కొసలనూ బొటనవేళ్లతో సమంగా నొక్కండి. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది. ఆ వైపు టక్కున పడితే పని అయిపోయిందనుకుంటాం, రెండో కొస మాత్రం మిల్లీమీటరు పైకి లేచి ఉంటుంది. టార్చి వేసి పక్క నుంచి చూడండి. బంగారు రంగు పిన్నులు రెండు కొసల దగ్గరా ఒకేలా లోపలికి పోయి ఉండాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తోందంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట.

పిన్నులను ఎరేజర్‌తో రుద్దడం చాలామందికి అలవాటు. దానివల్ల కంప్యూటర్ లేవడం నిజమే, కానీ సగం సార్లు పని చేసేది ఎరేజర్ కాదు, తీసి మళ్లీ గట్టిగా పెట్టడం. గరుకు ఎరేజర్ పల్చటి బంగారు పూతను అరగదీస్తుంది, పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. పోగులు రాలని బట్టను 90 శాతానికి పైగా ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి పిన్నులను తుడవండి, ఆరాక పెట్టండి. స్లాట్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టండి. నోటితో ఊదితే తేమ చేరుతుంది.

ఇప్పుడు వరస ఇది. మొదటి స్టిక్ రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. రాకపోతే రెండో స్టిక్ అదే స్లాట్‌లో. రెండూ రాకపోతే ఒక్కొక్కటీ నాలుగో స్లాట్‌లో. ఒక స్టిక్ ఎక్కడ పెట్టినా రాక, రెండోది ఎక్కడ పెట్టినా వస్తే స్టిక్ పోయింది. రెండు స్టిక్‌లూ ఒక స్లాట్‌లో వచ్చి, ఇంకో స్లాట్‌లో రాకపోతే స్లాట్‌లోనో ప్రాసెసర్ సాకెట్ పిన్నుల్లోనో లోపం ఉంది. విడివిడిగా రెండూ వస్తూ, కలిపి పెడితే రాకపోతే స్పీడును అనుమానించండి. పెట్టె మీద రాసిన స్పీడు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ప్రొఫైల్ వేస్తేనే వచ్చేది. అది ప్రాసెసర్ కంపెనీ హామీ ఇచ్చే స్పీడు కాదు, ఓవర్‌క్లాకింగ్ (హామీ ఉన్న స్పీడును మించి నడపడం) కిందికే వస్తుంది. ప్రొఫైల్ తీసేసి చూడండి. వేర్వేరు పెట్టెల్లో కొన్న స్టిక్‌లు, కంపెనీ ఒకటే అయినా, జతగా కుదురుతాయని నమ్మకం లేదు.

తెర వచ్చినా ర్యామ్ మీద అనుమానం మిగిలితే మెమ్‌టెస్ట్86+ అనే ర్యామ్ పరీక్షించే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్‌ను అలాగే వాడకూడదు. "ఒక్కటే కదా" అని వదిలేస్తే ఫైళ్లు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి.

పవర్ కేబుల్స్

సీపీయూ లైటు వెలిగినా, ఏ లైటూ వెలగకుండా ఫ్యాన్లు మాత్రమే తిరుగుతున్నా బోర్డు పైభాగంలో ఎడమ మూల చూడండి. అక్కడ ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఉంటుంది, నాలుగు చొప్పున రెండు ముక్కలుగా విడివడేది. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చేది అదే. అది లేకపోయినా 24 పిన్నుల కేబుల్ ఒక్కదానితో ఫ్యాన్లు, లైట్లు హాయిగా పనిచేస్తాయి. అందుకే చూసేవాళ్లకు కంప్యూటర్ ఆన్ అయినట్టే అనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే ఆరు, రెండు పిన్నుల కేబుల్ చూడటానికి దాదాపు ఇలాగే ఉంటుంది. కేబుల్ మీద సీపీయూ అని ఉందో పీసీఐఈ అని ఉందో చదివి మరీ పెట్టండి.

వీజీఏ లైటు అయితే కార్డును తీసి మళ్లీ పెట్టండి. స్లాట్ కొసన ఉన్న క్లిప్ నొక్కాకే కార్డును లాగాలి, లేకపోతే క్లిప్ విరిగి చేతికొస్తుంది. కార్డుకు పవర్ సాకెట్లు ఎన్ని ఉంటే అన్నిటికీ కేబుల్ ఉండాలి. కొత్త కార్డుల్లో ఉండే 16 పిన్నుల కనెక్టర్ పూర్తిగా లోపలికి పోవాలి. అంచు దగ్గర ఏ మాత్రం సందు కనిపించినా మళ్లీ నొక్కండి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల దగ్గర కరిగిపోయింది ఈ కనెక్టరే, సగం దిగి ఉండటం అందుకు ఒక కారణంగా తేలింది. కనెక్టర్ దగ్గరే కేబుల్‌ను వంచకండి, మూడున్నర సెంటీమీటర్లు నిటారుగా వచ్చాకే మలుపు తిప్పండి. ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉంటే కార్డు మొత్తం తీసేసి, మానిటర్‌ను మదర్‌బోర్డ్ పోర్టుకు పెట్టి చూడండి. బొమ్మ వస్తే దోషి కార్డో, దాని పవర్ కేబులో అని తేలిపోయినట్టే.

పవర్ సప్లై మార్చేటప్పుడు పాత కేబుల్స్‌ను కొత్తదానికి తగిలించకండి. విడదీసే కేబుల్స్ ఉన్న సప్లైల్లో బోర్డు వైపు కొస అన్నింటికీ ఒకటే గానీ, సప్లై వైపు పిన్నుల వరస కంపెనీకో రకం, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్‌కో రకం. కొస చక్కగా దూరుతుంది కాబట్టి అనుమానం రాదు. ఐదు వోల్టులు రావాల్సిన పిన్నులోంచి 12 వోల్టులు వచ్చి హార్డ్ డిస్క్ మాడిపోయాక తెలుస్తుంది.

మల్టీమీటర్ ఉంటే సప్లైని కొలవొచ్చు. కంప్యూటర్ ఆగి ఉండి, ప్లగ్గు, వెనక స్విచ్ ఆన్‌లో ఉన్నప్పుడు 24 పిన్నుల కనెక్టర్‌లో ఊదారంగు వైరు దగ్గర 5 వోల్టులు ఉండాలి. ఆన్ చేశాక పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి. వైర్లన్నీ నల్లగానే ఉన్న సప్లై అయితే మాన్యువల్‌లోని పిన్ నంబర్లే ఆధారం. ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపి ఫ్యాన్ తిరిగిందని సంబరపడటం పరీక్ష కిందికి రాదు. లోడ్ లేనప్పుడు బాగుండి, లోడ్ పడగానే కుప్పకూలే సప్లైలు కొల్లలు. అసలు ఫ్యానే తిప్పని మంచి సప్లైలు కూడా ఉన్నాయి, వేడెక్కితేనే తిప్పుతాయి. సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా మిగిలి ఉండొచ్చు.

అసలు చలనమే లేకపోతే

గోడ ప్లగ్గుకు వేరే ఏదైనా తగిలించి కరెంటు వస్తోందో లేదో చూసి, తర్వాత పవర్ బటన్‌ను అనుమానించండి. బోర్డు కింది అంచున ముందు ప్యానెల్ పిన్నుల గుంపులో పవర్ స్విచ్ అని రాసి ఉన్న రెండు పిన్నులను (చాలా బోర్డుల్లో 6, 8) స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. ఆన్ అయితే పోయింది బటనే. రీసెట్ బటన్ వైరును ఆ పిన్నులకు పెట్టుకుంటే అదే పవర్ బటన్‌గా పనిచేస్తుంది, కొత్తది కొనాల్సిన పనే లేదు.

ఫ్యాన్లు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంటే ఎక్కడో షార్ట్ ఉండొచ్చు, సప్లై తనను తాను కాపాడుకుంటోంది. బోర్డును క్యాబినెట్‌కు తగలకుండా ఎత్తి ఉంచే ఇత్తడి స్టాండాఫ్ ఉండకూడని చోట ఉన్నా, జారిపడిన స్క్రూ అక్కడ ఇరుక్కున్నా ఇలాగే అవుతుంది. బోర్డును బయటికి తీసి అట్టపెట్టె మీద పెట్టండి. సప్లై, ప్రాసెసర్, దాని కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్... ఇంతే ఉంచి ఆన్ చేయండి. లేస్తే ఒక్కొక్కటే చేరుస్తూ రండి. దేన్ని చేర్చినప్పుడు ఆగిపోయిందో అదే దొంగ.

బయోస్, ప్రాసెసర్ చివరికి

తేదీ, టైము ప్రతిసారీ వెనక్కి పోతుంటే బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. కొత్తది 3 వోల్టులు చూపిస్తుంది. బయోస్ రీసెట్ చేయాలంటే ప్లగ్గు తీసి, బ్యాటరీ ఐదు నిమిషాలు బయట ఉంచండి, లేదా బోర్డు మీద క్లియర్ సీమాస్ అని రాసి ఉన్న పిన్నులను పది సెకన్లు కలిపి ఉంచండి. డీడీఆర్5 అయితే ఆ తర్వాత మళ్లీ ట్రైనింగ్ ఉంటుంది, మళ్లీ 15 నిమిషాలు.

కొత్తగా కొన్న ప్రాసెసర్‌తో మాత్రమే తెర రాకపోతే బోర్డులో ఉన్న బయోస్‌కు ఆ ప్రాసెసర్ తెలియకపోవచ్చు. తెర లేకుండానే బయోస్‌ను అప్‌డేట్ చేసే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే ఫ్యాట్32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలును మాన్యువల్ చెప్పిన పేరుతో వేసి, గుర్తు ఉన్న పోర్టులోనే పెట్టి, బటన్ నొక్కండి. లైటు మెరవడం ఆగేదాకా కరెంటు తీయకూడదు.

ప్రాసెసర్‌ను తీయడం ఆఖరి మెట్టు. ఏఎమ్4 అనే సాకెట్‌లో కూర్చునే రైజెన్‌లలో కూలర్‌ను నేరుగా పైకి లాగితే, ప్రాసెసర్ వేడిని కూలర్‌కు చేర్చే పేస్టు ఎండి పట్టుకుని ప్రాసెసర్ కూడా సాకెట్ లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, పట్టు వదిలాక లేపండి. ఇంటెల్, ఏఎమ్5 బోర్డుల్లో పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, వాటిని వేలితో తాకకండి; టార్చి ఏటవాలుగా వేస్తే వంగిన పిన్ను మెరుపులో తేడా కనిపిస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు పాత పేస్టు తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది వేయండి.

తెర వచ్చి ఆగిపోతుంటే

బయోస్‌లో ప్రాసెసర్ వేడి చూడండి. ఏ పనీ లేకుండానే 80 డిగ్రీలు దాటుతుంటే కూలర్ సరిగ్గా ఆనలేదు. అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోవడం అరుదేమీ కాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" కనిపిస్తే పవర్ సప్లై పోయిందని తేల్చేయకండి. కంప్యూటర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు. కొత్త ఎం.2 డ్రైవ్ (బోర్డు మీదే అమరే సన్నటి ఎస్‌ఎస్‌డీ) పెట్టాక పాత హార్డ్ డిస్క్ మాయమైతే అది పోలేదు. చాలా బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ నిండితే హార్డ్ డిస్క్ కేబుల్ తగిలించే సాటా పోర్టులు ఒకటి రెండు పనిచేయవు. కేబుల్‌ను వేరే పోర్టుకు మార్చండి.

ఇవన్నీ చేశాకా లేవకపోతే మిగిలినవి బోర్డు, ప్రాసెసర్, పవర్ సప్లై. ఇంకో కంప్యూటర్‌లో మార్చి చూసుకునే వీలు లేకపోతే ఇక రిపేరుకు ఇవ్వాల్సిందే. ఇచ్చేముందు డిస్క్ తీసి మీ దగ్గర ఉంచుకోండి, ఈ తనిఖీకి అది అక్కర్లేదు. ఏ స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టి చూశారో, ఏ లైటు దగ్గర ఆగిందో, మీటర్ ఎంత చూపించిందో రాసిన కాగితాన్ని క్యాబినెట్‌కు అంటించి ఇవ్వండి.